ఆర్‌టీజీఎస్ చేశామన్నారు, మూడు రోజులైనా డబ్బు పడలేదు: ఎక్కడ ఆగి ఉంటుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆదోని యార్డులో పత్తి అమ్మారు, 4,12,000 రూపాయలు రావాలి. కొన్న వ్యాపారి శుక్రవారం సాయంత్రం ఆర్‌టీజీఎస్ (పెద్ద మొత్తాలను అప్పటికప్పుడు ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు పంపే పద్ధతి) చేశానని చెప్పి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టారు. ఈరోజు సోమవారం, ఇంకా పడలేదు. మీ బ్యాంకులో అడిగితే "మూడు పనిదినాలు చూడండి" అన్నారు. వ్యాపారి గుమస్తా మాత్రం "మా దగ్గర్నుంచి ఎప్పుడో వెళ్లిపోయింది, మీ బ్యాంకులోనే ఆగింది" అంటున్నాడు. బుధవారం లోపల అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. అసలు ఎంతసేపు పడుతుంది, ఎవరిని పట్టుకోవాలి అన్నది మీ టెన్షన్.

నేను 31 ఏళ్లు బ్యాంకులో చేసి రిటైరై కర్నూలులో ఉంటున్నాను. ఆదోని, ఎమ్మిగనూరు, ప్రొద్దుటూరు, అనంతపురం బ్రాంచీల్లో పనిచేశాను. "సార్, దుడ్లు యాడబోయినాయి?" అన్న ప్రశ్న కౌంటర్‌లో వినని రోజు దాదాపు లేదు.

నిజంగా ఆర్‌టీజీఎస్ అయి ఉంటే శుక్రవారం రాత్రి మీరు అన్నం తినే వేళకే డబ్బు మీ ఖాతాలో ఉండాలి. "దారిలో ఉంది" అనే మాటకు ఇప్పుడు దాదాపు అర్థం లేదు. డీడీలు తపాలాలో తిరిగిన కాలంలో దారి అనేది ఒకటి ఉండేది. ఇప్పుడు డబ్బు అటైనా ఉంటుంది, ఇటైనా ఉంటుంది. రాలేదంటే మూడింట్లో ఒకటి జరిగి ఉంటుంది: అసలు బయల్దేరలేదు, వచ్చి వెనక్కి వెళ్లిపోయింది, లేదా వచ్చింది కానీ మీరు చూస్తున్న ఖాతాలోకి కాదు. మీరు రాసిన వివరాలు చూస్తే మీది మొదటి రకమే అనిపిస్తోంది. ఎందుకో చెప్తాను.

స్క్రీన్‌షాట్‌లో ఆకుపచ్చ టిక్కు, దాని కింద "ట్రాన్సాక్షన్ సబ్మిటెడ్ సక్సెస్‌ఫుల్లీ" అని, ఒక పది అంకెల రిఫరెన్స్ నంబరు ఉన్నాయని రాశారు. ఆ "సబ్మిటెడ్" అన్న మాట దగ్గర ఆగండి. వ్యాపార సంస్థల కరెంట్ ఖాతాల్లో ఆన్‌లైన్‌లో డబ్బు పంపడానికి చాలాసార్లు ఇద్దరు కావాలి. గుమస్తా వివరాలు ఎక్కిస్తాడు, యజమాని తన లాగిన్‌లోకి వెళ్లి ఓకే కొట్టాలి. గుమస్తా పని అయిపోగానే తెరమీద ఆ ఆకుపచ్చ టిక్కు వస్తుంది. అతను దాన్నే ఫొటో తీసి మీకు పంపుతాడు, అబద్ధం చెప్తున్నానని కూడా అతనికి తెలియకపోవచ్చు. ఆ యజమాని పెళ్లికని బళ్లారి వెళ్లి ఉంటే, ఓటీపీ వచ్చే ఫోను ఆయన జేబులో ఉంటే, మీ 4,12,000 ఇంకా ఆయన ఖాతాలోనే హాయిగా ఉంది. ఆదోనిలో ఉన్నప్పుడు పత్తి సీజన్‌లో ఇలాంటివి వారానికి నాలుగైదు చూసేవాడిని.

ఇంకో సంగతి కూడా ఉంది. ఖాతాలో సరిపడా డబ్బు లేకుండానే వివరాలు ఎక్కించి, ఆ స్క్రీన్‌షాట్ పంపి రెండు రోజులు గడువు సంపాదించే వ్యాపారులూ ఉన్నారు. అందరూ మోసగాళ్లని అనను. వాళ్లకు మిల్లు నుంచి రావాలి, అది వస్తేనే మీకు ఇవ్వగలరు. కానీ ఆ ఇబ్బందిని మీ బ్యాంకు మీదికి నెట్టడం న్యాయం కాదు.

కాబట్టి స్క్రీన్‌షాట్ పక్కన పెట్టి యూటీఆర్ నంబరు, అంటే పంపిన ప్రతి మొత్తానికీ బ్యాంకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య, అడగండి. ఇది తప్ప ఇంకేదీ ఒప్పుకోకండి. ఆర్‌టీజీఎస్‌కు యూటీఆర్ 22 అక్షరాలు ఉంటుంది. దాన్ని చదవడం నేర్చుకుంటే సగం గొడవ అక్కడే తీరుతుంది. మొదటి నాలుగు అక్షరాలు పంపిన బ్యాంకువి. ఐదోది ఇంగ్లిష్ ఆర్ అక్షరం, ఆర్‌టీజీఎస్ అని గుర్తు. ఆరోది ఏ మార్గంలో పంపారో చెప్పేది. ఆ తర్వాత ఎనిమిది అంకెలు తేదీ: ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. చివరి ఎనిమిది వరుస సంఖ్య.

ప్రొద్దుటూరులో ఒకాయన వారం రోజులుగా మా బ్రాంచి మీద అరుస్తున్నాడు. బంగారం పని చేసినందుకు రావాల్సిన కూలి, రెండున్నర లక్షలు. పంపినవాళ్లు "పోయిన గురువారమే వేశాం" అంటున్నారు. ఎనిమిదో రోజు యూటీఆర్ తెచ్చాడు, సిగరెట్ పెట్టె అట్టమీద రాసుకుని. కళ్లజోడు పెట్టుకుని ఏడో అక్షరం నుంచి లెక్కబెట్టాం. అందులో తేదీ ఆరోజుదే. వాళ్లు పంపింది ఆ పొద్దున పదిన్నరకు! మేము ఆ అంకెలు చూస్తుండగానే ఆయన ఫోనుకు మెసేజ్ వచ్చింది. గురువారం అని చెప్పినవాళ్లకు ఆయన అక్కడి నుంచే ఫోన్ చేశాడు. ఆ మాటలు ఇక్కడ రాయలేను.

మీ వ్యాపారి ఇచ్చే యూటీఆర్‌లో శుక్రవారం తేదీ ఉంటే అప్పుడు మీ బ్యాంకును గట్టిగా అడగొచ్చు. ఈరోజు తేదీ ఉంటే సంగతి మీకే తెలిసిపోతుంది. యూటీఆర్ ఇవ్వకుండా "వస్తుందిలే" అంటే డబ్బు కదల్లేదని అర్థం.

ఇంకొకటీ అడగొచ్చు. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ (విడతలవారీగా నడిచే ఇంకో బ్యాంకు బదిలీ పద్ధతి) రెండిటికీ, డబ్బు అవతలి ఖాతాలో జమ అయ్యాక పంపినవాళ్ల ఫోనుకే ఒక నిర్ధారణ మెసేజ్ రావాలి. మొదట వచ్చేది "మీ ఖాతా నుంచి కట్ అయింది" అని, రెండోది "అవతలి ఖాతాలో జమ అయింది" అని. చాలామంది మొదటిది చూపించి రెండోది చూపించరు. ఆ రెండోది చూపించమనండి.

ఇక ఎంతసేపు అన్న మీ అసలు ప్రశ్న.

ఆర్‌టీజీఎస్ 2004 మార్చిలో మొదలైంది. కనీసం 2 లక్షలు ఉండాలి, పై పరిమితి లేదు. ఒక్కో మొత్తం విడివిడిగా, అప్పటికప్పుడు, రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న రెండు బ్యాంకుల ఖాతాల మధ్య మారిపోతుంది. మీ బ్యాంకుకు ఆ సందేశం అందిన 30 నిమిషాల్లో మీ ఖాతాలో వేయాలన్నది నియమం. ఏ కారణంతోనైనా వేయలేకపోతే గంటలోపు వెనక్కి పంపాలి. 2020 డిసెంబర్ 14 నుంచి ఇది ఆదివారం, పండగ అని లేకుండా రోజంతా నడుస్తోంది. అంటే మీ విషయంలో శని, ఆదివారాలు సెలవు అన్న వాదన నిలబడదు. ఒక్క మినహాయింపు: వ్యాపారి ఆన్‌లైన్‌లో కాకుండా బ్రాంచికి వెళ్లి ఫారం, చెక్కు ఇచ్చి ఉంటే, కౌంటర్ మూసేలోపు వాళ్లు ఎక్కించారా లేదా అన్నది చూడాలి. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు ఇచ్చిన ఫారం ట్రేలో సోమవారం దాకా పడుకున్న సందర్భాలు నాకు తెలుసు. అది రెండో శనివారమో నాలుగో శనివారమో అయితే మరీ.

మరి మీ బ్యాంకులో "మూడు పనిదినాలు" అని ఎందుకన్నారు? అలవాటు. 2019 డిసెంబర్ ముందు వరకు నెఫ్ట్ పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా, అదీ బ్యాంకు పనిదినాల్లోనే నడిచేది. శుక్రవారం రాత్రి పంపితే, మరుసటి రోజు రెండో శనివారమైతే, సోమవారం గతి. ఆ రోజుల్లో నేర్చుకున్న మాట నోట్లోంచి పోలేదు. కౌంటర్‌లో క్యూ పొడుగ్గా ఉన్నప్పుడు మనిషిని పంపించేయడానికి అంతకంటే సులువైన మాట కూడా లేదు. నేనూ అన్నాను, దాచడం దేనికి.

నెఫ్ట్ సంగతి వేరు. 2 లక్షల లోపు వాటికి చాలామంది ఇదే వాడతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఇది విడతలవారీగా నడుస్తుంది. యార్డులో ఇద్దరు వ్యాపారులు రోజంతా ఒకరికొకరు సరుకు ఇచ్చిపుచ్చుకుని, సాయంత్రం చిట్టా తీసి తేడా మాత్రం చెల్లించుకున్నట్టు, దేశంలోని బ్యాంకులన్నీ అరగంటకోసారి లెక్క చూసుకుంటాయి. రోజుకు 48 సార్లు, రాత్రీపగలూ. 2019 డిసెంబర్ 16 నుంచి సెలవులు కూడా లేవు. మీరు 10:05కు పంపితే అది 10:30 లెక్కలోకి వెళ్తుంది. ఆ లెక్క తేలిన తర్వాత రెండు గంటల్లోపు అవతలి బ్యాంకు ఖాతాలో వేయాలి, లేదా వెనక్కి పంపాలి. మామూలుగా అరగంట, ముప్పావు గంటలో పడిపోతుంది. మూడు గంటలు దాటితే ఏదో అయిందని అర్థం, మరుసటి రోజు దాకా చూడాల్సిన పని లేదు.

ఇక్కడ జనానికి తెలియని సంగతి ఒకటుంది. నెఫ్ట్ డబ్బు వేయడంలోగానీ వెనక్కి పంపడంలోగానీ బ్యాంకు ఆలస్యం చేస్తే, రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) మీద 2 శాతం కలిపి ఆలస్యమైన రోజులకు వడ్డీ ఇవ్వాలి. అడగకపోయినా ఇవ్వాలి. మీ 4,12,000 నెఫ్ట్‌లో వచ్చి మూడు రోజులు ఆలస్యమైందనుకోండి, రెపో 5.5 అనుకుంటే 7.5 శాతం లెక్కన సుమారు 254 రూపాయలు. టీ ఖర్చులకు చాలు, అంతే. కానీ దరఖాస్తులో ఈ నియమం ఒక్క ముక్క రాస్తే మేనేజర్ కుర్చీలో కొంచెం ముందుకు జరుగుతాడు. ఆర్‌టీజీఎస్‌లో వెనక్కి రావడం ఆలస్యమైతే ఇదే లెక్కన పరిహారం పంపినవాళ్లకు వస్తుంది.

ఐఎంపీఎస్ (ఫోన్, నెట్ ద్వారా వెంటనే పంపే పద్ధతి), యూపీఐ అయితే సెకన్లలో పని. ఐఎంపీఎస్ 2010 నుంచి ఉంది, 5 లక్షల దాకా పంపొచ్చు. యూపీఐలో మామూలు పరిమితి రోజుకు లక్ష. మీ వ్యాపారి 4 లక్షలు ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో పంపానని అంటే అక్కడే ఆపేయొచ్చు. ఇటు కట్ అయి అటు పడకపోతే మరుసటి రోజుకల్లా దానంతటదే వెనక్కి రావాలి, రాకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు ఇవ్వాలి. దుకాణం క్యూఆర్‌కు కొట్టినదైతే ఐదు రోజులు గడువు. ఇది రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో పెట్టిన నియమం. "ప్రాసెసింగ్" అని చూపిస్తున్నప్పుడు మళ్లీ కొట్టకండి. గుత్తిలో ఒక హోటల్ దగ్గర చూశాను, కుర్రాడు 380 బిల్లుకు మూడుసార్లు కొట్టాడు. ఒకటి పడింది, ఒకటి వెనక్కి వచ్చింది, ఒకటి రెండు రోజులు గాల్లో ఉంది. హోటలాయన, ఆ కుర్రాడు ఇద్దరూ నిజమే చెప్తున్నారు, ఇద్దరూ గొంతు చించుకుంటున్నారు. వీటికి యూటీఆర్ 12 అంకెలు ఉంటుంది. సాధారణంగా మొదటి అంకె సంవత్సరంలో ఆఖరి అంకె, తర్వాతి మూడు ఆ సంవత్సరంలో ఎన్నో రోజో చెప్తాయి.

ఇప్పుడు రెండో రకానికి వద్దాం. వచ్చి వెనక్కి వెళ్లిపోవడం. మన జిల్లాల్లో దీనికి పెద్ద కారణం పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, అంటే ఏ బ్యాంకు ఏ బ్రాంచో చెప్పే కోడ్. సిండికేట్ బ్యాంకు 2020 ఏప్రిల్‌లో కెనరాలో కలిసింది, ఆంధ్రా బ్యాంకు యూనియన్‌లో కలిసింది. కర్నూలు, అనంతపురం పల్లెల్లో ఆ రెండు బ్యాంకుల పాసుబుక్కులు లేని ఇల్లు తక్కువ. ఇక కడప కేంద్రంగా నడిచిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. జనం ఇప్పటికీ ఇనప్పెట్టెలో ఉన్న పాత పాసుబుక్ మొదటి పేజీ ఫొటో తీసి పంపుతారు. దాని మీద ఉన్న కోడ్ పనిచేయకపోవచ్చు. పదకొండు అక్షరాల్లో ఐదోది ఎప్పుడూ సున్నా. దాన్ని ఇంగ్లిష్ ఓ అక్షరంగా కొట్టేవాళ్లు కూడా ఉన్నారు. బ్రాంచికి వెళ్లి కొత్త కోడ్ రాయించుకోండి, లేదా కొత్త చెక్కు పుస్తకం మీద చూడండి.

ఇంకో కారణం చిన్న ఖాతాలు. పూర్తి కాగితాలు లేకుండా, ఫొటో, సంతకం తీసుకుని తెరిచిన ఖాతాల్లో ఎప్పుడూ 50,000 కంటే ఎక్కువ నిల్వ ఉండకూడదు, ఏడాదికి లక్ష కంటే ఎక్కువ జమ కాకూడదు. అలాంటి ఖాతా నంబరు ఇచ్చి 4 లక్షలు రమ్మంటే ఎట్లా వస్తాయి? పంటకు కూలికెళ్లే అమ్మ ఖాతాకో, ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతాకో డబ్బు వేయించుకునే వాళ్లకు ఇది తగులుతుంది. కేవైసీ (గుర్తింపు, చిరునామా కాగితాలు) ఇవ్వక పూర్తిగా ఫ్రీజ్ అయిన ఖాతా కూడా అంతే, వెనక్కి పోతుంది. వెనక్కి పోయిన సంగతి మెసేజ్‌గా పంపినవాళ్లకు వెళ్తుంది, మీకు రాదు. అందుకే వ్యాపారిని "వెనక్కి వచ్చిందేమో ఒకసారి స్టేట్‌మెంట్ చూడండి" అని కూడా అడగాలి. సీజన్‌లో రోజుకు వంద ఎంట్రీలు ఉన్న ఖాతాలో ఒక జమ ఎవరి కంటా పడదు.

మూడో రకం, వచ్చింది కానీ వేరే చోటికి. ఇందులో రైతులకు ప్రత్యేకమైనది ఒకటుంది, దీన్ని ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నాను. ఇంట్లో రెండు పాసుబుక్కులు ఉంటాయి, ఒకటి పొదుపు ఖాతాది, ఒకటి పంట రుణానిది. అట్టలు ఒకేలా ఉంటాయి, పేరు ఒకటే, బ్రాంచి ఒకటే. పంట రుణం పాసుబుక్ ఫొటో పంపితే డబ్బు నేరుగా అప్పులో జమ అవుతుంది. రుణం గడువులో ఉండి పరిమితి బతికి ఉంటే మళ్లీ తీసుకోవచ్చు. గడువు మీరి ఉంటే అది అప్పు కింద పోయినట్టే, తిరిగి తీసుకోవడం మేనేజర్ చేతిలో కూడా పెద్దగా ఉండదు. మీరు పంపిన ఖాతా నంబరు ఏ పాసుబుక్‌దో ఇప్పుడే లేచి చూడండి.

ఇక అంకె తప్పు. ఎమ్మిగనూరులో ఉండగా జరిగింది. వేరుశనగ అమ్మిన ఒక పెద్దాయనకు 1,86,000 రావాలి. పంపిన వాళ్ల గుమస్తా చేతిరాతలో 3ను 8గా చదివి కొట్టాడు. అది వేరే జిల్లాలో ఒక కుర్రాడి ఖాతా. పేరు వేరు, ఊరు వేరు, అయినా డబ్బు పడింది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో జమ అయ్యేది ఖాతా నంబరును బట్టి మాత్రమే, పేరు సరిపోవాలన్న తనిఖీ లేదు. పెద్దాయన రోజూ పొద్దున్నే తలపాగా చుట్టుకుని వచ్చి మా బెంచీ మీద కూర్చునేవాడు. అడిగేవాడు కాదు, కూర్చునేవాడు అంతే. ఆ కుర్రాడి అనుమతి లేకుండా అవతలి బ్యాంకు డబ్బు వెనక్కి తీయలేదు. వాళ్లు అతన్ని పట్టుకునేసరికి 20,000 ఖర్చు పెట్టేశాడు. మొత్తం తిరిగి రావడానికి దాదాపు ఆరు వారాలు పట్టింది. నన్నడిగితే ఇందులో మా తప్పు కూడా ఉంది. రెండో రోజే ఆ గుమస్తా రాసిన చీటీ తెప్పించి చూసి ఉంటే అంకె దొరికేది. పదో రోజుకు గానీ మాకు ఆ ఆలోచన రాలేదు.

2025 ఏప్రిల్ నుంచి ఈ బాధ కొంత తగ్గాలి. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పంపే ముందు ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉందో తెర మీద చూపించే ఏర్పాటు బ్యాంకులన్నీ చేయాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మీ వ్యాపారిని "పేరు ఏం చూపించింది?" అని అడగండి. చూడలేదంటే మీ ఖాతా నంబరు, ఆయన కొట్టిన నంబరు పక్కపక్కన పెట్టి చివరి నుంచి ముందుకు చదవండి. ముందు నుంచి చదివితే కన్ను మోసం చేస్తుంది, ఉంటుందనుకున్నదే చదువుతుంది.

ఒక్కోసారి డబ్బు పడే ఉంటుంది, మెసేజ్ రాదు. ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది, లేదా పాత సిమ్ కొడుకు బెంగళూరులో వాడుతుంటాడు. మెసేజ్ రాలేదని డబ్బు రాలేదనుకోకండి. పాసుబుక్ ఎంట్రీ వేయించండి లేదా ఏటీఎంలో మినీ స్టేట్‌మెంట్ తీయండి.

మిగతా వాటి గురించి తలా రెండు ముక్కలు, ఎందుకంటే మీ తర్వాత చదివేవాళ్లు అడుగుతారు. చెక్కు: 2025 అక్టోబర్ 4 నుంచి, పగటిపూట నిర్ణీత వేళల్లో స్కాన్ చేసి పంపిన చెక్కుకు అవతలి బ్యాంకు అదే రోజు సాయంత్రం ఏడులోపు అవునో కాదో చెప్పాలి, చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మీరు చెక్కును డబ్బాలో వేసిన టైము కాదు, బ్రాంచి స్కాన్ చేసిన టైము ముఖ్యం. సీసీఐకి (పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) అమ్మిన పత్తి డబ్బు, పీఎం కిసాన్ లాంటివి ఆధార్ లింకును పట్టుకుని వస్తాయి. మీరు చివరిసారి ఏ బ్యాంకులో ఆధార్‌ను ఆ పథకాలకు లింకు చేయించారో ఆ ఖాతాలోకే పోతాయి, మీరు కాగితం మీద రాసిచ్చిన ఖాతాలోకి కాదు. "మా ఊర్లో అందరికీ పడింది, నాకు పడలే" అనేవాళ్లలో సగం మందికి డబ్బు వాళ్లదే ఇంకో ఖాతాలో ఉంటుంది. మై ఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది.

కువైట్ నుంచి వచ్చే డబ్బు గురించి కడప, రాయచోటి, రాజంపేట వైపు వాళ్లు ఎక్కువ అడుగుతారు. అక్కడి ఎక్స్ఛేంజ్ కంపెనీల ద్వారా పంపితే చాలాసార్లు అదే రోజు పడుతుంది. బ్యాంకు నుంచి బ్యాంకుకు స్విఫ్ట్‌లో (దేశాల మధ్య బ్యాంకులు వాడే సందేశాల వ్యవస్థ) వస్తే మధ్యలో ఇంకో బ్యాంకు ఉంటుంది, రెండు మూడు పనిదినాలు మామూలే. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు, ఇక్కడ ఆదివారం సెలవు. అంటే గురువారం సాయంత్రం పంపింది సోమవారం దాకా రాకపోయినా కంగారు పడక్కర్లేదు. "పనిదినాలు" అన్న మాట ఇంకా నిజంగా పనిచేసేది ఇక్కడే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఈ సాయంత్రం వ్యాపారికి ఫోన్ చేసి మూడే అడగండి: యూటీఆర్ 22 అక్షరాలు, డబ్బు ఏ ఖాతా నంబరుకు పంపారో ఆ నంబరు, ఆయన ఖాతాలో కట్ అయినట్టు స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్క వరుస ఫొటో. గుమస్తాను కాదు, యజమానినే అడగండి. మాట మర్యాదగానే ఉండనివ్వండి, వచ్చే ఏడు కూడా ఆ యార్డుకే పోవాలి. యార్డులో ఇచ్చిన తూకం చీటీ, ఆ స్క్రీన్‌షాట్ రెండూ దాచుకోండి. యూటీఆర్ రేపు పొద్దున పదికల్లా రాకపోతే మార్కెట్ కమిటీ కార్యదర్శికి చీటీ కాపీ పెట్టి రాతపూర్వకంగా ఇవ్వండి. కొన్న సరుకు డబ్బు గురించి రైతు ఫిర్యాదు తీసుకోవాల్సింది వాళ్లే. అప్పుడిక బ్యాంకు గొడవ కాదది.

యూటీఆర్ వచ్చి అందులో శుక్రవారం తేదీ ఉంటే మీ బ్రాంచికి వెళ్లి నోటితో అడగకుండా కాగితం ఇవ్వండి. నాలుగు వరుసలు చాలు: "ఫలానా యూటీఆర్ ద్వారా ఫలానా తేదీన 4,12,000 రూపాయలు నా ఖాతాకు పంపారు. నాకు జమ కాలేదు. జమ చేశారా, వెనక్కి పంపారా, ఏ కారణంతో పంపారో తేదీ, సమయంతో సహా రాతపూర్వకంగా తెలపండి." కాపీ మీద సీలు, సంతకం వేయించుకోండి. యూటీఆర్ ఇస్తే కంప్యూటర్‌లో వెతకడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఏ క్లర్కయినా చేయగలడు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, 14448కు ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెప్తారు. మీ విషయం అంత దూరం పోతుందని నేననుకోను.

ఫీజు గురించి ఒక మాట. వ్యాపారి రేపు ఓకే కొడితే రేపే మీకు పడిపోతుంది, అది సమస్య కాదు. మీ నుంచి కాలేజీకి వెళ్లడం దగ్గర ఇరుక్కుంటారు. ఆన్‌లైన్‌లో కొత్త ఖాతాను జోడిస్తే చాలా బ్యాంకులు కొన్ని గంటల నుంచి ఒక రోజు దాకా పెద్ద మొత్తం పంపనివ్వవు. కాబట్టి డబ్బు వచ్చేదాకా ఆగకుండా, కాలేజీ ఖాతాను ఈ రాత్రికే మీ యాప్‌లో జోడించి పెట్టండి. తెర మీద కాలేజీ పేరే వస్తోందా చూసుకుని, ముందు ఒక్క రూపాయి పంపి వాళ్ల ఆఫీసులో అందిందని చెప్పించుకోండి. కాలేజీ క్యూఆర్ ఫీజుల కోవలో నమోదై ఉంటే యూపీఐలోనే 5 లక్షల దాకా వెళ్తుంది, మీ బ్యాంకు ఒప్పుకుంటే. ఈ రెండూ కుదరకపోతే బుధవారం పొద్దున పదికి బ్రాంచి తెరిచేసరికి చెక్కు, ఆర్‌టీజీఎస్ ఫారం నింపుకుని వెళ్లండి. ఫీజు 2 లక్షల లోపైతే నెఫ్ట్ ఫారం. కౌంటర్‌లో చేయిస్తే నెఫ్ట్‌కు 15 రూపాయల లోపు, 5 లక్షల లోపు ఆర్‌టీజీఎస్‌కు 25 లోపు, పైన జీఎస్టీ. క్లర్కు ఎక్కించాక యూటీఆర్ ఫారం కాపీ మీద రాయించుకుని, అక్కడే నిలబడి అందులో ఆరోజు తేదీ ఉందో లేదో చూసుకుని బయటికి రండి.